బ్యాంకు కౌంటరు చెక్క

నాకు మా తోడల్లుడంటే కుళ్ళు. నాలుగు మాటలు మాట్లాడితే ఎలాగూ బయటపడిపోతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. వాడు నా భార్య చెల్లెలి మొగుడు. గిటార్ వాయిస్తాడు. నేను గిటార్లు చేస్తాను. చప్పట్లు వాడికి, రంపప్పొట్టు నాకు.

మనిషి చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం దొరికేది. అదీ లేదు. ఇంట్లో ఏ ఫంక్షనైనా గంట ఆలస్యంగా వస్తాడు, వచ్చి ఒక్క నవ్వు నవ్వుతాడు, అంతటితో అందరూ వాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. నేను గంట ముందే వెళ్ళి కుర్చీలు సర్దుతాను. ఇంకో నాలుగు కుర్చీలు తక్కువయ్యాయని నాకే చెబుతారు.

మామయ్య సంగతి ఇంకా ఘోరం. ఆయన తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను, ఆయన పెద్దకూతుర్నే చేసుకున్నాను, ఆయన పని మానేశాక ఆ షాపులోనే కరెంటు గిటార్లు చేయడం మొదలుపెట్టాను. అయినా ఇప్పటికీ నన్ను "ఒరేయ్" అనే పిలుస్తాడు. కొత్తవాళ్ళెవరైనా ఉంటే మొహమాటానికి "అల్లుడూ" అంటాడు. చిన్నల్లుడు మాత్రం ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ "అల్లుడుగారు". ఆ "గారు" కోసం నేను ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నానంటే మీరు నవ్వుతారు. నా భార్య నవ్వింది కూడా.

మా షాపు టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందుగదిలో పని బల్ల, గోడకు వరసగా చెక్కల్ని బిగించిపట్టే క్లాంపులు, నెక్ అనే పొడుగు మెడ ఇంకా బిగించని గిటార్లు రెండో మూడో. కిటికీ దగ్గర వెలుతురు పడేచోట నా భార్య కూర్చుంటుంది. పికప్‌లు చుట్టేది ఆవిడే. కరెంటు గిటార్‌లో తీగల కింద అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని స్పీకరుకు పంపేది అదే. చుట్లు తక్కువగా ఉంటే గొంతు తేటగా ఉంటుంది, గోరు తగిలిన చప్పుడు కూడా దాగదు. చుట్లు పెరిగేకొద్దీ గొంతు పెద్దదవుతుంది, మొద్దుబారుతుంది కూడా. ఆవిడ ఒక పాత కుట్టుమిషన్ మోటారు పెట్టుకుని, రాగితీగను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చుడుతుంది. ఆ కాసేపూ ఇల్లు తగలబడుతోందన్నా పలకదు.

గిటార్ గొంతు చెక్కలో ఉందా, పికప్‌లో ఉందా అని మా ఇద్దరికీ పెళ్ళైనప్పటి నుంచీ తగువు. చెక్కలోనే ఉందని నేను. మీ చెక్క అవతల పారేసి భోజనాల బల్లకు తీగలు కట్టినా నా పికప్ పాడుతుందని ఆవిడ. ఈ తగువు తేలలేదు, తేలాలని మేమిద్దరం పెద్దగా కోరుకోలేదు కూడా.

ఇక అసలు గొడవకు కారణమైన చెక్క. వెనకగది అటక మీద ఉండేది. ఎప్పుడో పాత బ్యాంకు భవనం పడగొడుతుంటే మామయ్య తెచ్చుకున్న కౌంటరు పలక. మహాగని, ఒకటే ముక్క, జానెడున్నర వెడల్పు. అరవై ఏళ్ళపాటు జనం మోచేతులు ఆనించి ఆనించి నునుపు చేసిన చెక్క. ఒక మూల అరచేయంత సిరా మరక కూడా ఉంది. మా పనిలో చెక్కను చెవితో ఎంచుకుంటాం. ఒక అంచు దగ్గర పట్టుకుని వేలాడదీసి, మడిచిన వేలితో మధ్యలో కొట్టి వింటాం. మామూలు చెక్క టక్కుమని ఊరుకుంటుంది. ఇది మోగేది. మోగి, మనం ఒకసారి ఊపిరి పీల్చి వదిలేదాకా ఆగేది కాదు.

ఏడాదికోసారి దాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, కొట్టి విని, మళ్ళీ అటక ఎక్కించేవాణ్ణి. అలా పదకొండేళ్ళు. కావాలని మామయ్యను ఒక్కసారీ అడగలేదు. తనంతట తనే ఓ రోజు "అది నువ్వు తీసుకోరా" అంటాడని నా ఆశ. అడిగితే ఇచ్చేవాడేమో. కానీ అడిగి పుచ్చుకున్నదానికి విలువేముందని నా పౌరుషం.

చిన్నల్లుడు తనకో గిటార్ చేసిపెట్టమని అడిగిన సాయంత్రమే మామయ్య ఫోన్ చేశాడు. వాడి గిటార్ నేను చేస్తున్నందుకు సంతోషించాడు, ఆరోగ్యం అడిగాడు, చివర్లో అసలు సంగతి చెప్పాడు.

"అల్లుడుగారికి ఆ బ్యాంకు చెక్క వాడరా. వాయించేవాడి చేతిలో పడాలి అది."

అలాగే మామయ్యా అన్నాను. ఫోన్ పెట్టేశాను. వాయించేవాడి చేతిలో పడాలట. మరి చేసేవాడి చేతులకు ఏం రోగం వచ్చిందో ఆయన చెప్పలేదు.

ఆ శనివారం వాడు షాపుకు వచ్చాడు. పదింటికని చెప్పి పదకొండున్నరకు వచ్చాడు. నా భార్య రెండోసారి కాఫీ పెట్టింది. నాకోసం రెండోసారి కాఫీ పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. బల్ల మీద నాలుగు చెక్కలు పెట్టాను. ఒకటి ఆష్, ఒకటి ఆల్డర్, ఒకటి కలప డిపోలో పోయినేడు కొన్న మామూలు మహాగని, నాలుగోది బ్యాంకు చెక్క. ఏదేమిటో చెబుదామని నోరు తెరిచేలోపు వాడు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. చెప్పొద్దు, ఒక్కోటీ కొట్టండి, నేను వింటాను అన్నాడు.

ఆ నిమిషంలో నా కోరిక ఒక్కటే. వాడు తప్పు చెప్పాలి. ఆల్డర్ బాగుందనాలి, నేను లోపల్లోపల నవ్వుకోవాలి. వరస మార్చి, బ్యాంకు చెక్కను రెండోదిగా కొట్టాను. మిగతా రెండూ కూడా కొట్టాను. వాడు కళ్ళు తెరవకుండానే రెండోది మళ్ళీ ఒకసారి కొట్టమన్నాడు.

"ఇదే అన్నయ్యా. మిగతావి కొట్టగానే జవాబు చెప్పేస్తున్నాయి. ఇది కొట్టాక కూడా ఆలోచిస్తోంది."

పదకొండేళ్ళుగా నేను ఆ చెక్క గురించి అనాలనుకుని అనలేకపోయిన మాట అది. వాడు రెండు దెబ్బలకు అనేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వి, మంచి చెవి నీది అన్నాను.

నెక్ మేపుల్ చెక్కతో, దాని మీద వేళ్ళు ఆనేచోట రోజ్‌వుడ్ పలక అనుకున్నాం. దాని దగ్గర పేచీ రాలేదు. పికప్‌ల దగ్గరికి వచ్చేసరికి వాడు కుర్చీ నా భార్య వైపు జరుపుకున్నాడు. తక్కువ చుట్లవి చాలన్నాడు. చెక్క మాట్లాడాలి వదినా, పికప్ అరవకూడదు అన్నాడు. ఇదే మాట నేనంటే ఇరవై రెండేళ్ళు నాతో తగువులాడిన మనిషి, కళ్ళజోడు సర్దుకుని, "నిజమే, ఆ చెక్కకు ఏడు వేల ఆరు వందలు దాటకూడదు" అంది. ఆ అంకె రాసుకుంది కూడా. పైన రంగు వద్దు, నూనె మాత్రం పట్టిస్తే చాలని, సిరా మరక అలాగే కనపడాలని వాడడిగాడు. అన్నీ నేనైతే ఏం చేసుకునేవాణ్ణో సరిగ్గా అవే. నా గిటార్‌ను నా కళ్ళముందే నా చేతుల్లోంచి లాక్కున్నట్టు అనిపించింది.

రెండు రోజులు ఆ చెక్కను బల్ల మీద పెట్టుకుని రంపం ముట్టుకోలేదు. మూడో రోజు దాన్ని గోనెగుడ్డలో చుట్టి వెనకగదిలో బీరువా వెనక పెట్టాను. డిపో మహాగనిని బల్ల మీదికి తెచ్చాను. ఇంత తేలిగ్గా చేసేస్తానని నాకే తెలియదు.

ఆ తర్వాత అబద్ధాలు ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. డిపో చెక్కకు సిరా మరక ఎక్కడ్నుంచి తేను? వాడికి ఫోన్ చేసి, పాత స్క్రూ రంధ్రాలు చాలా ఉన్నాయి, పూడ్చిన మచ్చలు అసహ్యంగా కనపడతాయి, నల్లరంగు వేద్దామన్నాను. మీకెలా తోస్తే అలా అన్నయ్యా అన్నాడు. వాడు కాస్త వాదించినా నేను ఆగేవాణ్ణేమో. నా భార్యకు ఇంకో అబద్ధం. తక్కువ చుట్ల పికప్ పెడితే ఇది ఏ చెక్కో తేటగా తెలిసిపోతుంది. అందుకని, వాడు మనసు మార్చుకున్నాడు, పెద్ద హాళ్ళలో వాయించాలట, పది వేల చుట్లు కావాలట అని చెప్పాను. ఆవిడ మోటారు ఆపి కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ చెక్కకు పది వేలా అంది. మీ ఇష్టం, గొంతు బొంగురుపోతే నన్ననొద్దు అని చుట్టింది.

ఇక్కడ మా వడ్రంగుల అలవాటు ఒకటి చెప్పాలి. మామయ్య ఏ తలుపు చేసినా, తాళం బిగించేచోట లోపల, ఎవరికీ కనపడని గుంటలో, పెన్సిలుతో ఒక మాట రాసేవాడు. ఏ చెక్క, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ తారీఖు, ఏమైనా లోపం ఉంటే ఆ లోపం. పైన పాలిష్ ఎంతైనా వెయ్యి, లోపల మాత్రం నిజం రాయి అనేవాడు. నేనూ అంతే. నెక్ బిగించే ముందు, అది కూర్చునే గుంటలో రాస్తాను. నాలుగు స్క్రూలు పడ్డాక ఆ రాతను నేను తప్ప ఇంకెవరూ చూసే అవసరం ఉండదు.

ఆ రోజు పెన్సిలు పట్టుకుని "బ్యాంకు చెక్క" అని మొదలుపెట్టబోయాను. చెయ్యి కదల్లేదు. మామయ్యకు మాటిచ్చి తప్పాను, పెళ్ళానికి అబద్ధం చెప్పాను, వాడికి చెప్పాను, ఎక్కడా నోరు తడబడలేదు. ఆ గుంటలో మాత్రం రాయలేకపోయాను. చివరికి ఇలా రాశాను: "డిపో మహాగని. బ్యాంకు చెక్క కాదు. అది నా దగ్గరే ఉంది." కింద తారీఖు వేసి, నెక్ పెట్టి నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించేశాను.

గిటార్ మామయ్య ఇంట్లో ఇచ్చాం. వాడు హాల్లో స్పీకరు పెట్టుకుని సోఫా చేతిమీద కూర్చుని వాయించాడు. ఆ డిపో చెక్క, ఆ పది వేల చుట్లు, అయినా వాడి చేతిలో అది పాడింది. వంటింట్లోంచి మరదలు గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. గొంతు కొంచెం పెద్దగా ఉంది కదా వదినా అన్నాడు వాడు. మీరడిగినట్టే పది వేలు చుట్టాను అంది నా భార్య. వాడు ఒక్క క్షణం నా వైపు చూసి, "అవును, నేనే అడిగాను" అన్నాడు. మతిమరుపు మనిషి, బతికించాడు అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మామయ్య లేచివచ్చి గిటార్ అంచుమీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. "బ్యాంకు చెక్కే వేరురా" అన్నాడు నాతో. నాకు వినడం నేర్పిన మనిషి ఆయన. ఆయన్ను మోసం చేయగలిగానన్న సంబరం ఒక నిమిషం ఉంది. ఆ తర్వాత ఆ పూటంతా ఆయన మొహం చూడలేకపోయాను.

నాది నేను తీరికగా చేసుకున్నాను. పని లేని మధ్యాహ్నాల్లో వెనకగది తలుపు వేసుకుని, నాలుగు నెలలు. నూనె పట్టించాను, సిరా మరక కింది అంచున అలాగే ఉంచాను. ఎవరో బయటూరి ఆయన అడిగాడని చెప్పి నా భార్యతో ఏడు వేల ఆరు వందల చుట్ల జత చుట్టించాను. నెక్ బిగించే ముందు పెన్సిలు తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏం రాయాలో తెలియలేదు. నా చేతి మీదుగా పోయిన గిటార్లలో గుంట ఖాళీగా ఉన్నది అదొక్కటే.

వాయించాను. బాగానే ఉంది. బాగానే ఉంది అన్నమాట ఎంత చప్పగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నాకొచ్చేవి పన్నెండు పాటలు, అవీ పెళ్ళికి ముందు నేర్చుకున్నవి. ఆ పన్నెండూ వాయించి, దాన్ని పెట్టెలో పెట్టి, బీరువా వెనక దాచాను. నెలకోసారి తీసి వాయించేవాణ్ణి. ప్రతిసారీ అంతే, బాగానే ఉండేది. ఆ చెక్క నా కోసం మోగడం మానేసిందని నాకో అనుమానం పట్టుకుంది.

ఆ ఏడాదంతా వాడు ఎక్కడికి వెళ్ళినా ఆ నల్ల గిటారే. ఎవరైనా మెచ్చుకుంటే మామయ్య గొప్పగా మా బ్యాంకు చెక్క అనేవాడు. వాడు మాత్రం ఎప్పుడూ "అంతా అన్నయ్య చేతిపని" అనేవాడు. చెక్క మాట ఎత్తేవాడే కాదు. నన్ను బుజ్జగిస్తున్నాడని పళ్ళు నూరుకునేవాణ్ణి. ఎంత మంచివాడో అని అందరూ వాణ్ణే మెచ్చుకునేవారు.

గిటార్ ఇచ్చిన సరిగ్గా ఏడాదికి ఒక పొద్దున వాడు షాపుకు వచ్చాడు. నా భార్య బజారుకు వెళ్ళింది. పెట్టె బల్ల మీద పెట్టి, పికప్‌లు మార్చాలి, తక్కువ చుట్లవి వేయించండి అన్నాడు. సాయంత్రం ఐదుకు వస్తానన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నెక్ కూడా ఒకసారి విప్పి చూడండన్నయ్యా. తీగలు కాస్త పైకి లేచాయని అప్పట్లో నేనే దాని కింద సర్దుబాటుకు ఓ అట్టచీటీ పెట్టాను. సరిగ్గా పెట్టానో లేదో."

నాకు ముందు వచ్చింది కోపమే. నేను బిగించిన నెక్ వీడు విప్పడమేమిటి, నా పనికి వీడు చీటీ పెట్టడమేమిటి అని విసురుగా స్క్రూలు తీశాను. ఆఖరి స్క్రూ దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ గుంటలో నేనేం రాశానో అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో స్క్రూ తీయడానికి మంచినీళ్ళు తాగి రావలసి వచ్చింది.

గుంటలో చిన్న అట్టముక్క ఉంది. మా షాపు విజిటింగ్ కార్డునే కత్తిరించి మడిచి పెట్టాడు. దాన్ని తీస్తే నా రాత. దాని కింద ఇంకో చేతిరాత, సన్నగా, కొంచెం వాలుగా. తారీఖు చూశాను. నేను గిటార్ ఇచ్చిన తొమ్మిదో రోజు.

"అన్నయ్యా, మీ దగ్గరున్నది ఎప్పుడు వినిపిస్తారు?"

స్టూలు మీద కూలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయానని చెబితే బాగుంటుంది. సిగ్గు వచ్చింది, కాదనను. కానీ దానికంటే ముందు వచ్చింది మళ్ళీ ఆ కుళ్ళే. ఏడాదిగా తెలిసి ఊరుకున్నాడు. మామయ్య పక్కన కూర్చుని, ఆ బ్యాంకు చెక్క పొగడ్తలన్నీ వింటూ, నన్ను ఒక్క మాట అనకుండా ఊరుకున్నాడు. అదే నేనైతే తొమ్మిదో రోజే నలుగురిలో పెట్టి కడిగేసేవాణ్ణి. తిట్టి ఉంటే ఇద్దరం ఒక్క రకం మనుషులమే అయ్యేవాళ్ళం. ఆ అవకాశం కూడా వాడు నాకు ఇవ్వలేదు.

బజారు నుంచి వచ్చిన నా భార్య సంచి దించి, నా మొహం చూసి, ఏమైందని అడిగింది. గిటార్ ఆవిడ వైపు తిప్పాను. రెండు రాతలూ రెండుసార్లు చదివింది. బీరువా వైపు చూసింది. ఆవిడకు అన్నీ ఒకేసారి అర్థమైపోయాయి.

"అంటే ఆ రోజు మరిది అబద్ధమాడింది మీకోసం. పది వేలు తనే అడిగానని."

వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని, మోటారు ఆన్ చేసి, ఏడు వేల ఆరు వందల చుట్లు రెండుసార్లు చుట్టింది. మామూలుగా చుట్ల లెక్క చూపించే మీటరును నావైపు తిప్పి ఉంచుతుంది. ఆ రోజు తనవైపు తిప్పుకుంది.

జీవితంలో మొదటిసారి వాడు చెప్పిన టైముకు వచ్చాడు. నేను అప్పటికే నా గిటార్ బయటికి తీసి బల్ల మీద పెట్టాను. ఏం చెప్పాలో మధ్యాహ్నమంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. వాడు వంగి కింది అంచున సిరా మరక మీద బొటనవేలు పెట్టి ఒకసారి తుడిచాడు. స్పీకరుకు కలిపి, నా స్టూలు మీదే కూర్చున్నాడు.

పెద్ద విద్యలేమీ ప్రదర్శించలేదు. ఒక తీగ మీటి ఆగాడు. అది మోగుతూ ఉంటే తల వంచి విన్నాడు. మళ్ళీ ఇంకోటి. ఒక్కో స్వరం అయిపోయిందనుకున్నాక ఇంకాస్త మిగిలేది. అటక మీంచి దించి కొట్టినప్పుడు పదకొండేళ్ళు నేను విన్నది అదే, అచ్చం అదే. ఎనిమిది నెలలు నా చేతుల్లో ఉండి ఒక్కరోజు కూడా పలకని చెక్క, వాడు కూర్చుని రెండు నిమిషాలు కాకుండానే పలికింది. నా భార్య మోటారు ఆపేసి వింటోంది. ఇద్దర్నీ చూస్తూ నేను క్లాంపుల పక్కన నిలబడ్డాను. నా షాపులో నేనే పరాయివాణ్ణి అనిపించింది.

చాలించి, గుడ్డతో తీగలు తుడిచి, దాన్ని రెండు చేతులతో నాకందించాడు. నేను అందుకోలేదు.

"నీదే అది. మామయ్య నీకిచ్చిన చెక్క. తీసుకెళ్ళు" అన్నాను.

"వద్దన్నయ్యా. నాకు నల్లదానితో అలవాటైపోయింది. ఎప్పుడైనా వచ్చి దీన్ని వాయించుకోనివ్వండి, చాలు."

"మామయ్యకు చెబుతావా?"

"నేనెందుకు చెప్తాను? మీరు రాసే పెట్టారుగా."

ఎగతాళిగా అన్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. కొత్త పికప్‌లు బిగించిన నల్ల గిటార్ తీసుకుని, వదినకు చెప్పి, వెళ్ళిపోయాడు. తీసుకెళ్ళి ఉంటే ఎంత బాగుండేది. పోయింది, తప్పు తీరింది అనుకుని పడుకునేవాణ్ణి. తీసుకోకపోవడం కూడా వాడికే చేతనైంది. వాయించడంలోనూ వినడంలోనూ వాడు నాకంటే మేలని ఎప్పుడో ఒప్పుకున్నాను. ఊరుకోవడంలో కూడా నన్ను మించిపోతాడని అనుకోలేదు. నాకంటూ మిగిలింది నిజం రాయడం ఒక్కటే, అదైనా ఎవరికీ కనపడని చోట.

ఆ రోజు చీకటి పడకముందే నా గిటార్ నెక్ విప్పాను. ఎనిమిది నెలలుగా తోచని మాట ఇప్పుడు సులువుగానే వచ్చింది: "మామయ్య బ్యాంకు చెక్క. తమ్ముడికని ఇచ్చారు. నేను తీసుకున్నాను." తారీఖు వేశాను. మళ్ళీ బిగిస్తుంటే నా భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. నాన్నకు పొద్దున ఎనిమిదికి ముందు కాళ్ళనొప్పులుంటాయి, ఎనిమిది దాటాక వెళ్ళండి అంది. వెళ్తున్నానని నేను చెప్పలేదు.

మర్నాడు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, గిటార్ పెట్టె పట్టుకుని మామయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు ఆయనే తీశాడు. "ఏంట్రా పొద్దున్నే" అన్నాడు. ఆయన పేపరు చదువుకునే బల్ల మీద గిటార్ పడుకోబెట్టి పెట్టె మూసేశాను. సిరా మరక ఆయన వైపే ఉంది. ఆయన దాన్ని చూస్తుండగానే తీగలు తీసేసి, నాలుగు స్క్రూలూ విప్పి, నెక్ పక్కన పెట్టాను.

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. గుంటలోకి వంగి చదివాడు. తల ఎత్తలేదు. చెక్క అంచు పట్టుకుని లేపి, మడిచిన వేలితో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆగేదాకా విన్నాడు. మెల్లగా మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"చిన్నల్లుడికి తెలుసా?"

"ఏడాది నుంచీ తెలుసు మామయ్యా. నిన్నటిదాకా నాకు తెలియదు, తనకు తెలుసని."

ఆయన చేసిన తలుపే మాకెదురుగా ఉంది, దాని తాళం వెనక ఆయన రాత ఉంది. తిడతాడని చూశాను. ఓ దెబ్బ వేస్తాడేమోనని కూడా చూశాను. పని నేర్చుకునే రోజుల్లో రెండుసార్లు వేశాడు. ఒరేయ్ దొంగవెధవా అంటే చాలు, ఆయన కాళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి.

ఆయన కళ్ళజోడు తీసి మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. అది బయటివాళ్ళు వస్తే కూర్చునే కుర్చీ.

"కూర్చోండి అల్లుడుగారూ. కాఫీ తెప్పిస్తాను."

కూర్చున్నాను. లోపలికి వెళ్తూ ఆయన కాఫీ కాదు టీ కావాలా అని కూడా అడిగాడు, ఎంతో మర్యాదగా. ఇరవై రెండేళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. ఎప్పటిలాగే ఒరేయ్ అనండి మామయ్యా అని అడగడానికి నాకు నోరు రాలేదు.